శరీరం ద్వారా ట్రామా చికిత్స: ఈ వృత్తిలోకి రావాలనుకునేవారికి

భయపడ్డ మనిషి గురించి చెప్పడానికి తెలుగులో ఉన్న మాటలు ఒకసారి పోగేసి చూడండి. కాళ్లూ చేతులూ ఆడలేదు. నోట మాట రాలేదు. ఒళ్లు చల్లబడింది. కొయ్యబారిపోయాను. ఇవన్నీ ఒంట్లో జరిగేవే. ప్రమాదం, దాడి, చిన్నప్పటి హింస లాంటివి జరిగి ఏళ్లు గడిచినా కొందరిలో ఆ దడ, ఆ కొయ్యబారడం అలాగే మిగిలిపోతాయి. మనసులో, ఒంట్లో మిగిలే ఈ గాయాన్నే ట్రామా అంటారు. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పగలుగుతారు, కానీ చెబుతున్నంతసేపూ ఒళ్లు మాత్రం అది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. శరీరం నుంచి మొదలుపెట్టే ట్రామా చికిత్సలు పట్టుకునే కొస ఇదే.

ఈ పని నేర్పే కోర్సులు ఇప్పుడు లెక్కలేనన్ని ఉన్నాయి. రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లున్నారు, ఏడేళ్లు చదివించేవాళ్లున్నారు. చాలామంది ముందు ఒక పద్ధతి పేరు విని, దాని మీద ఇష్టం పెంచుకుని, డబ్బు కట్టేసి, ఆ తర్వాత "దీంతో నేను ఎవరికి చికిత్స చేయొచ్చు?" అని అడుగుతారు. వరస తలకిందులైంది. క్లయింట్‌తో ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తేల్చేది మీ పునాది అర్హత. పద్ధతి దాని మీద వేసుకునే అంతస్తు మాత్రమే. ఇక్కడ చెప్పేదంతా ఈ వరసలోనే సాగుతుంది.

పని దగ్గర నుంచి ఎలా ఉంటుంది

ఒక సెషన్‌లో ఐదు నిమిషాలు చూద్దాం. క్లయింట్ తనకు జరిగిన రోడ్డు ప్రమాదం గురించి చెబుతున్నారు. "ఎదురుగా లారీ వచ్చింది" అనగానే కుడి పాదం నేలకేసి నొక్కుకుంది, ఊపిరి ఆగింది, చూపు ఒకచోట నిలిచిపోయింది. ఆ మనిషికి ఇవేవీ తెలియవు, చెప్పుకుంటూ పోతున్నారు. థెరపిస్ట్ అక్కడే ఆపుతారు. "ఒక్క క్షణం ఇక్కడ ఆగుదామా? మీ కుడి కాలు ఏం చేస్తోందో చూడండి." కాలు బ్రేక్ తొక్కుతోంది. ఆ రోజు తొక్కేందుకు సమయం చాలని బ్రేక్. "ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా తొక్కనివ్వండి." ముప్పై నలభై సెకన్లు గదిలో మాటలుండవు. తొడ కండరం సన్నగా వణుకుతుంది, ఒక పెద్ద ఊపిరి దానంతటదే వస్తుంది, పాలిపోయిన ముఖంలోకి రంగు తిరిగి వస్తుంది. అప్పుడు థెరపిస్ట్ గదిని ఒకసారి నెమ్మదిగా చుట్టూ చూడమంటారు: కిటికీ, తలుపు, గోడ. మళ్లీ లారీ దగ్గరికి వెళ్లడం ఆ రోజు జరగకపోవచ్చు కూడా.

ఎంత తక్కువ జరిగిందో గమనించండి. ఏడుపులు లేవు, కేకలు లేవు. కథ మొత్తం వినలేదు. సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ పద్ధతిలో ఇలా చుక్క చుక్కగా తీసుకోవడాన్ని టైట్రేషన్ అంటారు. కలత ఉన్న చోటికి కాస్త వెళ్లి, ఒంట్లో కుదురుగా ఉన్న చోటికి తిరిగి రావడాన్ని పెండ్యులేషన్ అంటారు. పేర్లు ఏవైనా, ఈ వృత్తి మొత్తం ఈ రెండు మెళకువల మీద నిలబడి ఉంది. పెద్ద ఉద్వేగం బయటికి వస్తేనే పని జరిగినట్టు అనుకునేవారికి ఇది చప్పగా అనిపిస్తుంది. మీకూ అలాగే అనిపిస్తే, ఇంకా ముందుకు పోకముందే అది తెలియడం మంచిదే.

ముందు మీ ఒంటితోనే పరీక్ష

దరఖాస్తు నింపేముందు మూడు పనులు చేయండి. ఖర్చు తక్కువ, తెలిసేది ఎక్కువ.

మొదటిది ముప్పై రోజుల నోటు పుస్తకం. రోజుకు పది నిమిషాలు కూర్చుని ఒంట్లో ఏం జరుగుతోందో రాయండి. "టెన్షన్‌గా ఉంది" అని రాస్తే లెక్కలోకి రాదు, అది మనసు చెప్పిన అర్థం. "ఎడమ పక్కటెముకల కింద అరచేతి వెడల్పున బిగువు, ఊపిరి వదిలినప్పుడు కొంచెం సడలింది" అని రాస్తే అది సంవేదన. మొదటి వారం చాలామందికి రెండు వాక్యాలకు మించి రాదు. నెల గడిచినా పేజీ ఖాళీగానే ఉంటే, లేదా కూర్చున్న ప్రతిసారీ గుండె దడ పెరిగి లేచిపోవాల్సి వస్తుంటే, మీరు ఈ పనికి పనికిరారని కాదు. ముందు మీరు క్లయింట్‌గా కొంతకాలం ఉండాలని.

రెండోది నిశ్శబ్దం. మీ స్నేహితుల్లో ఒకరిని పనిచోట వచ్చిన చిన్న చిరాకు లాంటి మామూలు విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమనండి. పాత గాయాల జోలికి మాత్రం పోవద్దు. మీరు సలహా ఇవ్వకూడదు, "ఏం కాదులే" అనకూడదు, మీ సొంత అనుభవం చెప్పకూడదు. వాళ్లు ఆగిన చోట అరవై సెకన్లు మీరూ ఆగాలి. ఆ అరవై సెకన్లలో మీ దవడ, భుజాలు, ఊపిరి ఏం చేశాయో తర్వాత రాసుకోండి. శిక్షణలో మీరు తెచ్చుకోవాల్సిన ముఖ్యమైన మార్పు అక్కడే కనిపిస్తుంది.

మూడోది క్లయింట్ కుర్చీ. మీరు నేర్చుకోవాలనుకుంటున్న పద్ధతిలోనే కనీసం పది సెషన్లు క్లయింట్‌గా తీసుకోండి. రెండు మూడు సరిపోవు. మొదటి మూడు సెషన్లలో ఏ పద్ధతైనా కొత్తగా, బాగానే ఉంటుంది. ఆరేడు వచ్చేసరికి విసుగు, అనుమానం, థెరపిస్ట్ మీద కోపం లాంటివి మొదలవుతాయి. వాటిని ఆ థెరపిస్ట్ ఎలా పట్టించుకుంటారో చూస్తే ఆ శిక్షణ లోతు ఎంతో తెలుస్తుంది.

సొంత గాయం ఉండి ఈ దారిలోకి వచ్చేవాళ్లు చాలామంది. అది బలమే. కానీ ఆ గాయం మానిందా, పైన పొక్కు మాత్రమే కట్టిందా అన్నది చూసుకోవాలి. దీనికి ఒక కొలత ఉంది. మీకు జరిగినదాన్ని పది వాక్యాల్లో ఎవరికైనా చెప్పండి. చెబుతూ మీ పాదాలు నేల మీద ఉన్న స్పర్శ తెలుస్తోందా? ఆ రాత్రి మామూలుగానే నిద్ర పట్టిందా? రెండింటికీ అవుననగలిగితే ముందుకు వెళ్లొచ్చు. పెద్ద దెబ్బ తగిలి ఇంకా ఏడాది కూడా కాకపోతే శిక్షణ వాయిదా వేయమనే మా సలహా. శిక్షణ గదిలో పక్కవాళ్ల కథలు వినాలి, మీ ఒంటి మీదే సాధన జరగాలి. పచ్చి పుండు మీద అది జరిగితే పుండు పెద్దదవుతుంది.

పునాది ఏది

ఈ రంగంలోకి దారులు ప్రధానంగా నాలుగు. ఒక్కో దారి ఒక్కో హక్కునిస్తుంది, ఒక్కో హద్దు గీస్తుంది.

సైకాలజీ, కౌన్సెలింగ్, సోషల్ వర్క్, సైకియాట్రీ వైపు నుంచి వచ్చేవాళ్లకు ట్రామాకు నేరుగా చికిత్స చేసే హక్కు ఉంటుంది. రోగనిర్ధారణ, ఆత్మహత్య ముప్పు అంచనా, మందులు వాడేవారితో పనిచేయడం, వీటన్నిటికీ చదువులోనే పునాది పడుతుంది. లోటు ఒంటి విషయంలోనే. ఏళ్ల తరబడి మాటలు వినడమే నేర్చుకున్న చెవికి ఊపిరి లయ వినిపించదు. ఇంకోటి, స్పర్శను వీళ్ల వృత్తి నియమాలు చాలా చోట్ల గట్టిగా కట్టడి చేస్తాయి.

ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, నర్సింగ్ వైపు నుంచి వచ్చేవాళ్లకు శరీర నిర్మాణం తెలుసు, తాకడానికి అనుమతి ఉంది. దీర్ఘకాలిక నొప్పి, కటి భాగపు సమస్యలు, ప్రమాదం తర్వాత కోలుకోవడం లాంటి చోట్ల ట్రామా జ్ఞానం ఉన్నవాళ్ల అవసరం చాలా ఉంది. కానీ నొప్పికి వైద్యం చేస్తుండగా పాత హింస జ్ఞాపకం పైకి వస్తే, ఆ మనిషిని కుదుటపరిచి సరైన చోటికి పంపడం వరకే వీళ్ల పని. జ్ఞాపకాన్ని విప్పడం వేరే వృత్తి.

మసాజ్, ఒంటిని చేతులతో సవరించే ఇతర బాడీవర్క్ వైపు నుంచి వచ్చేవాళ్ల చేతికి వచ్చే సమాచారం గొప్పది. హద్దులు మసకబారే ప్రమాదం కూడా ఇక్కడే ఎక్కువ. చికిత్స బల్ల మీద పడుకున్న మనిషి, బట్టలు కొంత తీసేసి, కళ్లు మూసుకుని ఉంటారు. ఆ స్థితిలో "చిన్నప్పుడు ఏమైనా జరిగిందా?" అని అడగడం తప్పు. అడిగేందుకు అర్హత లేదు, జవాబు వస్తే పట్టుకునే ఏర్పాటూ లేదు.

యోగా, నాట్యం వైపు నుంచి వచ్చేవాళ్లకు రెండు వేర్వేరు గమ్యాలున్నాయి. డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ పూర్తి స్థాయి వృత్తి. అమెరికాలో దాని సంఘం 1966లోనే ఏర్పడింది, అక్కడ ఆ వృత్తిలోకి మాస్టర్స్ స్థాయి చదువు కావాలి. ట్రామా సెన్సిటివ్ యోగా నేర్పేవారు థెరపిస్ట్ పక్కన పనిచేసే సహాయకులు. ఈ తేడా తెలియక యోగా సర్టిఫికెట్‌తో ఒంటరిగా ట్రామా క్లయింట్లను తీసుకుని ఇబ్బందిపడేవాళ్లు ఉన్నారు.

ఇవేవీ లేకుండా, నేరుగా ఒక పద్ధతి సర్టిఫికెట్‌తో మొదలుపెట్టవచ్చా? కొన్ని శిక్షణలు చేర్చుకుంటాయి. చేర్చుకున్నంత మాత్రాన లైసెన్స్ వచ్చినట్టు కాదు. సైకాలజిస్ట్, సైకోథెరపిస్ట్ లాంటి పేర్లను చాలా దేశాల్లో చట్టం కాపాడుతుంది. ఆ పేరు పెట్టుకునే అర్హత లేకుండా పెట్టుకుంటే శిక్ష పడొచ్చు. మీరు పనిచేయబోయే చోట నియంత్రణ సంస్థకు రాసి, "ఈ అర్హతతో, ఈ సేవను, ఈ పేరుతో ఇవ్వొచ్చా?" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. శిక్షణ సంస్థ చెప్పిన జవాబు దీనికి సరిపోదు.

పునాది ఇంకా వేసుకోని వయసులో ఉన్నవారికి మా సలహా: కౌన్సెలింగ్ లేదా క్లినికల్ సైకాలజీ డిగ్రీ ముందు, శరీర పద్ధతి తర్వాత. దారి పొడుగే, కానీ మధ్యలో ఈ పద్ధతి మీద మనసు మారినా చేతిలో వృత్తి మిగులుతుంది.

పద్ధతుల్లో తేడాలు

కండరాల్లో బిగుసుకున్న కవచం గురించి మనోవిశ్లేషకుడు విల్హెల్మ్ రైక్ గత శతాబ్దం మొదటి సగంలోనే రాశారు. ఆయన దగ్గర నేర్చుకున్న అలెగ్జాండర్ లోవెన్ బయో ఎనర్జెటిక్స్‌ను తయారుచేశారు. ఆ తరం పద్ధతుల్లో గట్టిగా ఊపిరి పీల్చడం, కొట్టడం, అరవడం ఎక్కువ. పీటీఎస్‌డీ (ట్రామా తర్వాత మిగిలిపోయే ఒత్తిడి రుగ్మత) అన్న పేరు అమెరికన్ సైకియాట్రీ వర్గీకరణలోకి 1980లో వచ్చింది. ఆ తర్వాత పెరిగిన పద్ధతులు నెమ్మది వైపు మళ్లాయి. ఈ మలుపు గుర్తుపెట్టుకుంటే ఏ కోర్సు ఏ తరానిదో చూడగానే తెలుస్తుంది.

పీటర్ లెవిన్ రూపొందించిన సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ శిక్షణ ఉద్యోగం చేసుకుంటూ సుమారు మూడేళ్లు సాగుతుంది, మూడు స్థాయిలుంటాయి. తరగతులతో పాటు క్లయింట్‌గా 12 గంటల సొంత సెషన్లు, 18 గంటల కేసు సంప్రదింపులు (మీ కేసుల గురించి అనుభవజ్ఞులతో చర్చ) అడుగుతారు. బాడీవర్కర్లు, నర్సులు కూడా చేరవచ్చు. అందుకే పునాది అర్హత గురించి ఇంత సేపు చెప్పాం: ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు, బయటికి వచ్చాక వేర్వేరు పనులు మాత్రమే చేయగలరు.

పాట్ ఓగ్డెన్ రూపొందించిన సెన్సరీమోటార్ సైకోథెరపీ ఎక్కువగా మానసిక ఆరోగ్య రంగంలో ఉన్నవారి కోసం. మాటల చికిత్సలో నడుస్తూనే భంగిమ, కదలిక, సైగలను చేర్చుకునే తీరు. ఇప్పటికే కౌన్సెలర్‌గా ఉన్నవారికి ఇది సులువుగా అతుకుతుంది. రాన్ కర్ట్జ్ మొదలుపెట్టిన హకోమి మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని తీర్పు లేకుండా గమనించడం) మీద నిలబడింది. మనిషి స్వభావంలోని లోతైన నమ్మకాలను చూడటానికి చక్కటిది, కానీ తీవ్రమైన ట్రామాకు అదొక్కటే చాలదు.

ఈఎండీఆర్‌ను (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ బాధపెట్టే జ్ఞాపకాన్ని గుర్తుచేసుకునే చికిత్స) శరీర పద్ధతుల్లో కలపాలా వద్దా అన్నది వాదన. కానీ దాన్ని పక్కన పెట్టకండి. ప్రాథమిక శిక్షణ దాదాపు 50 గంటలు: బోధన 20, పర్యవేక్షణలో సాధన 20, సంప్రదింపులు 10. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి సూచించిన మానసిక చికిత్సల్లో ఇది ఒకటి, ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స) ఇంకొకటి. ఆస్పత్రుల్లో, పెద్ద సంస్థల్లో ఉద్యోగం కావాలంటే ఈ రెండింటిలో ఒకటి చేతిలో ఉండటం చాలా ఉపయోగం.

యూరప్‌లో బాడీ సైకోథెరపీని పూర్తి స్థాయి మానసిక చికిత్సగా నేర్పే బడులున్నాయి. అక్కడ సైకోథెరపిస్టులకు ఇచ్చే యూరోపియన్ సర్టిఫికెట్‌కు ఏడేళ్ల కాలంలో 3,200 గంటలు కావాలి. వారాంతపు కోర్సు వాళ్లు చెప్పే గంటల పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

ఆధారాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. సీబీటీ, ఈఎండీఆర్‌లకు ఉన్నన్ని పరీక్షలు శరీర పద్ధతులకు లేవు. ఉన్నవి చిన్నవి, అయినా ఆశ కలిగించేవి. 2014లో ప్రచురితమైన ఒక పరీక్షలో, చికిత్సకు లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళలను రెండు జట్లు చేశారు. పది వారాల ట్రామా యోగా తర్వాత ఆ జట్టులో 52 శాతం మందికి రోగ నిర్ధారణ వర్తించలేదు, ఆరోగ్య పాఠాలు విన్న జట్టులో అది 21 శాతం. సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ మీద 2017లో వచ్చిన పరీక్షలో 63 మంది ఉన్నారు, 15 సెషన్లు జరిగాయి, చికిత్స కోసం వేచి ఉన్నవారికన్నా తీసుకున్నవారిలో లక్షణాలు తగ్గాయి. క్లయింట్ అడిగితే ఇంతే చెప్పాలి. "శాస్త్రీయంగా రుజువైంది" అని ముక్తసరిగా చెప్పి దాటేయకూడదు.

ఇలాంటిదే మెదడు నుంచి గుండెకు, పొట్టకు వెళ్లే వేగస్ నాడి విషయం. స్టీఫెన్ పోర్జెస్ 1994లో ముందుకు తెచ్చిన, మనిషి స్థితులను ఈ నాడితో ముడిపెట్టే పాలీవేగల్ సిద్ధాంతాన్ని చాలా శిక్షణల్లో తిరుగులేని సత్యంలా నేర్పుతారు. అందులోని శరీరధర్మ భాగాల మీద శాస్త్రజ్ఞుల్లో గట్టి అభ్యంతరాలున్నాయి. మనిషి కుదురుగా ఉన్నారా, పోరాడే స్థితిలో ఉన్నారా, మూసుకుపోయారా అని గుర్తించడానికి ఆ సిద్ధాంతం గీసిన పటం పనికొస్తుంది. పటాన్ని పటంగానే వాడండి.

కోర్సును ఎలా జల్లెడ పట్టాలి

పరిచయ సమావేశంలో ఈ ప్రశ్నలు అడగండి. చేరినవారిలో ఎంతమంది పూర్తిచేశారు? సాధన సమయంలో ఎంతమంది విద్యార్థులకు ఒక సహాయకుడు ఉంటారు? (ముగ్గురు నలుగురున్న రెండు జట్లకు ఒకరు ఉంటే మంచిది, ఇరవై మందికి ఒకరంటే ఎవరూ చూడనట్టే.) సాధనలో ఎవరికైనా తీవ్రంగా కలత వస్తే ఆ రోజు, ఆ రాత్రి ఎవరు బాధ్యత తీసుకుంటారు? అధ్యాపకుల మీద ఫిర్యాదు చేయాలంటే సంస్థకు బయట ఎవరున్నారు? మీ క్లయింట్ సెషన్ రికార్డింగ్‌ను ఎవరైనా చూసి దిద్దుతారా?

చివరి ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది. చూసి దిద్దేవారు లేని చోట నేర్చుకునేది సిద్ధాంతమే. కళ్లముందు క్లయింట్ చూపు నిలిచిపోతే అది మీకు కనపడిందా లేదా అన్నది రికార్డింగ్‌లోనే బయటపడుతుంది. తొలి ఏడాది రికార్డింగుల్లో విద్యార్థులు తరచూ చేసే తప్పు ఒకటే: క్లయింట్ ఒంట్లో మార్పు మొదలైన సరిగ్గా ఆ క్షణంలో ఇంకో ప్రశ్న వేస్తారు.

పారిపోవాల్సిన గుర్తులూ ఉన్నాయి. వేదిక మీద ఒకరిని పిలిచి వందమంది ముందు ఏడిపించడం. అభ్యంతరం చెబితే "అది నీ ప్రతిఘటన" అనడం. అన్ని రోగాలకూ ఇదే మందు అనడం. ఇంకా ముఖ్యంగా, వేగంగా ఊపిరి తీయించి, చేతివేళ్లు కొంకర్లు పోతే "ట్రామా బయటికి వస్తోంది" అని చెప్పడం. ఆ కొంకర్లు పోవడం రసాయనం. అతిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, పెదవుల చుట్టూ, వేళ్లలో తిమ్మిరి వస్తుంది, చేతులు ముడుచుకుంటాయి. గాయం లేనివాళ్లకూ అలాగే జరుగుతుంది. ఈ తేడా తెలియని అధ్యాపకుల దగ్గర మీకు నేర్చుకునేదేమీ ఉండదు.

ఖర్చు వేసుకునేటప్పుడు ఫీజు ఒక్కటే చూడొద్దు. సొంత సెషన్లు, సంప్రదింపులు, ప్రయాణం, బస, శిక్షణ రోజుల్లో పోయే ఆదాయం కలిపితే మొత్తం ఫీజుకు రెట్టింపు దాకా వెళ్లొచ్చు. మధ్యలో ఆగిపోయేవాళ్లలో చాలామంది ఈ లెక్క ముందే వేసుకోనివాళ్లే. చేరే ముందు ఉద్యోగం మానేయకండి. శిక్షణ వల్ల మనసు అతలాకుతలమయ్యే కాలంలో ఆదాయం కూడా ఊగిసలాడితే రెండూ తట్టుకోలేరు.

మీ భాషలో ఒంటి మాటలు

చాలా శిక్షణలు ఇంగ్లిష్‌లో జరుగుతాయి. అక్కడ ఇచ్చిన సంవేదనల జాబితాను తీసుకొచ్చి తెలుగు క్లయింట్ ముందు పెడితే పని నడవదు. మొదటి ఏడాదిలోనే సొంత జాబితా తయారుచేసుకోండి: బిగువు, బరువు, తిమ్మిరి, మంట, పోటు, సలుపు, జలదరింపు, గుబులు, లాగుతున్నట్టు, పట్టేసినట్టు, దేవుతున్నట్టు, జివ్వుమన్నట్టు, తేలిపోతున్నట్టు, బోలుగా, వెచ్చగా, వదులుగా. కుదురుదనాన్ని చెప్పే మాటలు కూడా సమానంగా ఉండాలి. నొప్పి మాటలు తేలిగ్గా దొరుకుతాయి, నెమ్మదించిన ఒంటికి మాటలు వెతుక్కోవాలి.

నుడికారంతో ఒక చిక్కుంది. "గుండె బరువెక్కింది" అంటే బాధగా ఉందని అర్థం కావచ్చు, నిజంగానే ఛాతీ మీద బరువు తెలుస్తోందని కావచ్చు. తేల్చడానికి ఇలా అడగొచ్చు: "ఆ బరువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? వేలంత ఉందా, అరచేయంత ఉందా? లోపలా, పైపైనా?" కొలత చెప్పడానికి ప్రయత్నించగానే ధ్యాస కథలోంచి ఒంట్లోకి వస్తుంది. ఛాతీ బరువు ఎడమ చేతిలోకి పాకుతోందంటే, చమట పడుతోందంటే మాత్రం సెషన్ ఆపి వైద్య సహాయం పిలవాలి. థైరాయిడ్ అతిగా పనిచేసినా దడ, వణుకు, నిద్రలేమి వస్తాయి. మొదటి ఫోన్ కాల్‌లోనే ఇటీవల డాక్టర్‌ను కలిశారా అని అడగడం అలవాటు చేసుకోండి.

మొదటి రెండేళ్ల పని

క్లయింట్ కుర్చీ నుంచి తలుపు కనపడాలి, దారికి మీరు అడ్డుగా ఉండకూడదు. కుర్చీల మధ్య దూరం క్లయింట్ చేతే సర్దించండి. ఆ సర్దడమే మొదటి సెషన్‌లో మంచి సాధన, "ఇంకాస్త వెనక్కి జరిగితే మీ ఊపిరి ఎలా ఉంది?" అని అక్కడే అడగొచ్చు. కళ్లు మూసుకోమని చెప్పకండి, ఇష్టమైతే దించుకోవచ్చని చెప్పండి. గడియారం ఇద్దరికీ కనపడాలి. చివరి పది నిమిషాలు కొత్త విషయం ఎత్తకూడదు. మనిషి నడిచి వెళ్లేటప్పుడు ఎలా ఉన్నారో, బండి నడపగలరో లేదో చూసుకునే సమయం అది.

తొలి రెండేళ్లు ఒకే సంఘటనతో వచ్చినవారిని తీసుకోండి: ఒక ప్రమాదం, ఒక శస్త్రచికిత్స, ఒక దాడి. చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి సాగిన హింస అనుభవించినవారి చికిత్స వేరే స్థాయి పని. మొదట్లోనే లక్షణాలు కొలవండి. పీసీఎల్-5 ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు, మొత్తం 80 మార్కులు, 31 నుంచి 33 దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని అనుమానించాలి. విచ్ఛిన్న అనుభవాలను (తన నుంచి, చుట్టూ ఉన్నదాని నుంచి తెగిపోయినట్టు ఉండటం) కొలిచే 28 ప్రశ్నల డీఈఎస్ జాబితాలో సగటు 30 దాటితే, మీరొక్కరే మొదలుపెట్టకుండా అనుభవజ్ఞుల సలహా తీసుకోండి. ప్రతి నాలుగైదు సెషన్లకు మళ్లీ కొలవండి. క్లయింట్ మిమ్మల్ని ఇష్టపడటం వేరు, బాగుపడటం వేరు.

వారానికి పదిహేను ట్రామా సెషన్లు దాటొద్దు, రెండింటి మధ్య కనీసం పావుగంట ఉంచండి. ఐదారు సెషన్లకు ఒక గంట పర్యవేక్షణ మా లెక్క. కేసు గురించి మాట్లాడేటప్పుడు క్లయింట్ ఏం చెప్పారన్నదే కాదు, మీ కడుపులో ఏం జరిగిందన్నది కూడా చెప్పండి.

స్పర్శ గురించి. మీ వృత్తి నియమాలు ఒప్పుకుంటేనే, రాతపూర్వక అంగీకారం ఉంటేనే, ఆ అంగీకారాన్ని ప్రతిసారీ మాటతో మళ్లీ అడిగాకే. అప్పుడూ ఒక మెలిక ఉంది. హింసలో పెరిగినవాళ్లు ఎదుటివారు కోపగించకుండా ఉండేందుకు "సరే" అనడం ఒంటపట్టించుకుని ఉంటారు. నోరు "సరే" అంటుండగా భుజాలు పైకి లేస్తే, ఊపిరి ఆగితే, నవ్వు ముఖం మీద అతికించినట్టు ఉంటే, జవాబు వద్దు అనే. "మీ భుజాలు ఇంకోటి చెబుతున్నట్టున్నాయి, ఈ రోజు వద్దులెండి" అని చేయి వెనక్కి తీసుకోండి. వద్దన్న మాట ఎదుటివారు విన్న అనుభవం కొందరికి అదే మొదటిసారి. ఏ స్పర్శా చేయలేని పని అది చేస్తుంది.

ఎక్కువగా ఎక్కడ తప్పుతుందంటే

తొందరలో. రెండో సెషన్‌లోనే అతి ఘోరమైన ఘట్టానికి వెళ్తారు. క్లయింట్ ఏడుస్తారు, తేలికపడ్డానంటారు, మర్నాటి నుంచి మూడు రాత్రులు నిద్ర ఉండదు, తర్వాత ఫోన్ ఎత్తరు. సెషన్‌లో మనిషి అకస్మాత్తుగా నెమ్మదించి, గొంతు ఒకే స్థాయిలోకి వచ్చి, చేతులు చల్లబడి, "ఇప్పుడేమీ అనిపించడం లేదు" అంటే దాన్ని ప్రశాంతత అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. అది మూసుకుపోవడం. అప్పుడు కళ్లు మూయించి లోపలికి చూడమంటే ఇంకా లోతుకు జారతారు. కళ్లు తెరిపించాలి, గదిలో నీలం రంగు వస్తువులు వెతకమనాలి, లేచి నిలబడి పాదాలు మార్చి మార్చి నేలకు నొక్కమనాలి. తేదీ, వారం అడగాలి. ముఖంలో రంగు, గొంతులో హెచ్చుతగ్గులు తిరిగి వచ్చేదాకా వదలకూడదు.

ఒంటి భాషను అర్థం చెప్పేయడం కూడా తప్పే. "మీ తుంటిలో మీ నాన్నగారి మీద కోపం దాగుంది" లాంటి మాటకు ఏ ఆధారమూ లేదు. పైగా లేని జ్ఞాపకాన్ని నాటే ప్రమాదం ఉంది. "తుంటిని గమనిస్తే ఏం కనపడుతోంది?" అన్నంత వరకే మీ పని.

ఇంత చదివాక, పూర్తి థెరపిస్ట్‌గా మారడం మీకు సరిపడదనిపిస్తే ఇంకో దారి ఉంది. నర్సు, ఉపాధ్యాయుడు, వ్యాయామ శిక్షకుడు, దంతవైద్యుడు, ఎవరైనా తమ వృత్తిలోనే ఉంటూ ట్రామా గురించి ఇరవై గంటల ప్రాథమిక శిక్షణ తీసుకోవచ్చు. దంతవైద్యుడు కుర్చీ వెనక్కి వాల్చేముందు చెప్పి వాల్చడం, చేయి ఎత్తగానే ఆపేస్తానని ముందే ఒప్పందం చేసుకోవడం, పరికరం చూపించి నోట్లో పెట్టడం, ఈ మూడింటికీ కలిపి ఒక్క నిమిషం పట్టదు. నోరు తెరిచి పడుకోలేక ఏళ్ల తరబడి పంటినొప్పి భరిస్తున్నవాళ్లు ఆ ఒక్క నిమిషం వల్ల చికిత్స పూర్తిచేయించుకోగలుగుతారు.